గురక ఆగితే ఉలిక్కిపడే ఇల్లాలు

 

ఈ నెల మా మాటను ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టవలసి ఉన్నది. రెండేళ్ల క్రితం పరకాలలో ఒక జుమా నాడు ఖుత్బా జరుగుతుండగా, స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక సోదరుడు నిద్రపోయాడు. ఊరికే తూగడం కాదు, గురక పెట్టాడు. వెనుక వరుసలోని పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. నమాజు ముగిసిన తరువాత మేము నలుగురి ముందూ ఆయనను మందలించాము. మస్జిదులో కునుకు వస్తే కూర్చున్న చోటు మార్చుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించిన విషయం కూడా గుర్తు చేశాము. ఆయన తల వంచుకొని వెళ్లిపోయాడు. ఆయనకు మా బజారులో బట్టల దుకాణం ఉన్నది. వయసు నలభై ఆరు. మనిషి మంచివాడు, లెక్కలో నిజాయితీ గలవాడు. పేరు ఇక్కడ అవసరం లేదు.

వారం తిరగక ముందే ఆయన భార్య మా ఇంటికి వచ్చి మా ఇల్లాలి వద్ద చాలాసేపు కూర్చుంది. చివరకు పరదా వెనుక నుండి మాతోనే మాట్లాడింది. “హజ్రత్, ఆయన నాలుగు వారాలుగా చోటు మారుస్తూనే ఉన్నాడు. నిద్ర మాత్రం ఆయనను వదలడం లేదు” అన్నది. తరువాత ఆమె చెప్పిన మాటలు విని మేము కాసేపు బదులు పలకలేకపోయాము.

రాత్రి తన భర్త గురక పెడుతూ ఉంటే ఆమెకు నిద్ర పడుతుందట. గురక ఆగితేనే ఉలిక్కిపడి లేస్తుందట. ఎందుకంటే గురకతో పాటు ఊపిరీ ఆగుతుంది. ఛాతీ కదులుతూనే ఉంటుంది కానీ ముక్కు వద్ద చేయి పెడితే గాలి తగలదు. మొదట్లో భయపడి భుజం పట్టి కుదిపేది. కుదిపితే ఆయన కసురుకొనేవాడు. అందుకని లేపకుండా, వేలి కణుపుల మీద తస్బీహు లెక్కపెడుతూ కూర్చోవడం అలవాటు చేసుకుంది. సాధారణంగా పదిహేను, ఇరవై వచ్చేసరికి ఆయన ఒక్కసారిగా ఎగశ్వాస తీసి, మూలిగి, పక్కకు తిరిగేవాడు. ఒక రాత్రి మాత్రం “సుబ్‌హానల్లాహ్” ముప్పై మూడు సార్లు పూర్తయినా ఊపిరి రాలేదట. ఆ రాత్రి తరువాత ఆమె సరిగా నిద్రపోలేదు.

ఇది వినగానే మాకు మరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. అంతకు ఏడాది ముందు ఇదే ఇంటి నుండి ఒక కబురు వచ్చింది. ఆయన రాత్రివేళ గొంతు నొక్కినట్లు లేస్తున్నాడు, ఏదైనా చదవమంటారా అని. పడుకొనే ముందు ఆయతుల్ కుర్సీ చదవమని, కుడి పక్కకు తిరిగి పడుకోమని మేము చెప్పి పంపాము. ఆ రెండూ మంచి మాటలే, సున్నతులే. కానీ ఎంత కాలంగా అలా ఉన్నది, పగలు ఎలా ఉంటున్నాడు, వైద్యునికి చూపించారా అని ఒక్క ప్రశ్న కూడా మేము అడగలేదు. మా దగ్గర సరైన దారి దొరకక వారి బంధువు ఒకరు ఆయనను ఒక ఆమిల్ వద్దకు తీసుకువెళ్లాడు. అతడు జిన్ను ఛాతీ మీద కూర్చుంటున్నదని చెప్పి, తావీజు కట్టి, చాలా డబ్బు తీసుకున్నాడు. తావీజు మెడలో ఉండగానే ఒక సాయంత్రం వరంగల్ నుండి సరుకుతో తిరిగి వస్తూ, గూడెప్పాడ్ దాటిన తరువాత మోటారు సైకిలు మీద ఆయనకు కన్ను మూతపడింది. బండి రోడ్డు దిగి పత్తి చేనులోకి పోయింది. ఎదురుగా లారీ లేకపోవడం అల్లాహ్ దయ. జిన్నుల ఉనికిని మేము కాదనడం లేదు, అది విశ్వాసంలో భాగం. ఊపిరి అందని ప్రతి మనిషి మీదా జిన్నును కూర్చోబెట్టి డబ్బు చేసుకొనే వ్యాపారాన్నే మేము తప్పు పడుతున్నాము.

ఈ జబ్బును వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో మన కండరాలన్నీ సడలుతాయి, గొంతు వెనుక భాగం కూడా సడలుతుంది. కొందరిలో నాలుక వెనుకకు జారి, గాలి పోయే దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి పోతుంటే వచ్చే చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకుంటే చప్పుడు కూడా ఉండదు. 10 సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు కంగారుపడి మనిషిని సగం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, గాలి పోతుంది, మళ్లీ నిద్ర. తెల్లవారిన తరువాత ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. శ్వాస పూర్తిగా ఆగడమూ, సగం తగ్గడమూ కలిపి గంటకు 5 నుండి 15 సార్లు జరిగితే తక్కువ తీవ్రత, 15 నుండి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రాత్రంతా ఇలా ముక్కలైన నిద్ర వల్ల పగలు తూగు, ఉదయం తలనొప్పి, చిన్నదానికే కోపం, మతిమరుపు కలుగుతాయి. మాత్రలు ఎన్ని మార్చినా రక్తపోటు దిగకపోవడం, రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేవడం కూడా ఇందులో కనిపించేవే. మా బట్టల సోదరుడు ఆ మూత్రం సంగతిని మధుమేహం అనుకొని చక్కెర మానేసి కూర్చున్నాడు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు 2023లో వెలువరించిన అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 40 లక్షల మంది పెద్దవారికి ఈ జబ్బు ఉన్నది. నూటికి 13 మంది పురుషులు, 5 గురు స్త్రీలు. మన మస్జిదు వరుసలను ఆ లెక్కతో ఒకసారి చూసుకోండి.

లావుగా ఉన్నవారికే వస్తుందని అనుకోవడం సగమే నిజం. బరువు పెద్ద కారణమే. కానీ చిన్న దవడ, పెద్ద కొండనాలుక, వాచిన టాన్సిల్స్ ఉన్న బక్కపలచని వారికీ వస్తుంది. మెడ చుట్టుకొలత పురుషులకు 17 అంగుళాలు, స్త్రీలకు 16 అంగుళాలు దాటితే అనుమానించమంటారు. ఆ కొలత వైద్యుని కంటే ముందు దర్జీకి తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ జబ్బుకు రోగి సాక్షి కాడు, పక్కన పడుకున్నవారే సాక్షి. హన్మకొండలో ఊపిరితిత్తుల వైద్యుని వద్దకు ఈ దంపతులు వెళ్లినప్పుడు, నిద్ర ఎలా పడుతున్నది అని అడిగితే ఆయన “బ్రహ్మాండంగా పడుతున్నది, పడుకోగానే పడుతున్నది” అన్నాడట. వైద్యుడు ఆయన కాగితం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగి, “అమ్మా, మీరు చెప్పండి” అన్నాడట. ఆమె తస్బీహు లెక్కలు చెప్పింది. అంత వివరంగా చెప్పినవారు అరుదని వైద్యుడే అన్నట్లు ఆమె మా ఇల్లాలితో కొంచెం గర్వంగానే చెప్పుకుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా 187వ ఆయతులో భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రం వంటివారని అల్లాహ్ తెలియజేశాడు. దీనిని పెళ్లి ప్రసంగాలలో అందరమూ వింటాము. అన్ నబా సూరాలో, నిద్రను విశ్రాంతిగా చేశానని చెప్పిన వెంటనే అల్లాహ్ రాత్రిని కూడా వస్త్రంగానే పేర్కొన్నాడు. రెండు చోట్లా పదం ఒక్కటే, లిబాస్. మా విద్యార్థులకు ఈ పదం చెప్పేటప్పుడు మేము ఈ రెండు ఆయతులను ఎప్పుడూ కలిపి చెప్పలేదు. ఆ ఇల్లాలు కణుపులు లెక్కపెట్టుకుంటూ చీకటిలో కూర్చున్న సంగతి విన్న తరువాతనే అవి రెండూ మా మనసులో కలిశాయి.

గురకను గురించి మన ఇళ్లలో నవ్వులాట ఎక్కువ, ఆలోచన తక్కువ. ఇబ్నె అబ్బాస్ (రజి) బాల్యంలో తన పిన్ని, విశ్వాసుల మాత అయిన మైమూనా (రజి) ఇంట ఒక రాత్రి గడిపినప్పుడు, నిద్రించిన ప్రవక్త (సఅసం) శ్వాస చప్పుడు తమకు వినిపించిందని వివరించారు. ఆ ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది. నిద్రలో వచ్చే చప్పుడు సిగ్గుపడవలసినది కాదని తెలియడానికే దీనిని ఇక్కడ చెబుతున్నాము. ప్రతి గురకా జబ్బు కాదు కూడా. ఊపిరి ఆగే గురకే జబ్బు.

అబూ దావూద్ గ్రంథంలో మరొక సంఘటన ఉన్నది. సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) భార్య ప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి భర్త మీద మూడు ఫిర్యాదులు చేసింది. అందులో ఒకటి, పొద్దు పొడిచేదాకా ఆయన ఫజ్ర్ నమాజు చేయడని. సఫ్వాన్ (రజి) అక్కడే ఉన్నారు. తమ వంశమే అలాంటిదని, సూర్యుడు పొడిచేదాకా మెలకువ రాదని విన్నవించుకున్నారు. మెలకువ వచ్చినప్పుడు నమాజు చేయమని ప్రవక్త (సఅసం) ఆయనకు చెప్పారు. సఫ్వాన్‌కు ఈ జబ్బు ఉన్నదని మేము అనడం లేదు, అలా అనే హక్కు మాకు లేదు. అలారం పెట్టుకోకుండా అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను చూసేవారికి ఇది సాకుగానూ పనికిరాదు. మేము నేర్చుకొన్నది వేరే. భార్య ఫిర్యాదు చేసినప్పుడు ప్రవక్త (సఅసం) విన్నారు, భర్తను అడిగారు, కారణం తెలుసుకున్నారు, ఆ తరువాతనే మాట చెప్పారు. మేము ఆ జుమా నాడు కారణం అడగకుండానే మాట చెప్పాము.

ఇక పరీక్ష. ఆయనను ఇంటి వద్దనే ఒక రాత్రి చిన్న యంత్రం కట్టుకొని పడుకోమన్నారు. వేలికి ఒక తొడుగు, ఛాతీకి పట్టీ, ముక్కు వద్ద సన్నని గొట్టం. ఊపిరి గంటకు 42 సార్లు ఆటంకపడుతున్నదని, ప్రాణవాయువు 74 శాతం దాకా పడిపోతున్నదని తేలింది. అవసరమైన వారికి ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకొని, తలకు కూడా తీగలు పెట్టి మరింత వివరంగా చూస్తారు. ఫలితం చూసిన వైద్యుడు సీప్యాప్ అనే యంత్రం రాశాడు.

సీప్యాప్ అంటే భోజనం డబ్బా అంత పెట్టె. అది గదిలోని గాలినే లాగి, కొంచెం ఒత్తిడితో గొట్టం ద్వారా మాస్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడి గొంతును మూసుకోనివ్వదు. అందులో మందు లేదు, ఆక్సిజన్ సిలిండరు లేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ వైద్యుడు కాలిన్ సల్లివాన్ 1980లో దీనిని రూపొందించి, 1981లో ఐదుగురు రోగుల మీద కలిగిన ఫలితాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. అంతకు ముందు తీవ్రమైన రోగులకు గొంతుకు రంధ్రం చేయడమే చికిత్స. ఆ మాట విన్న తరువాత మా సోదరుడు మాస్కును కొంచెం ప్రేమగా చూడడం మొదలుపెట్టాడు. కానీ అది తరువాతి సంగతి.

మొదటి నెల ఆ ఇంట్లో యుద్ధమే జరిగింది. మా పాఠకులలో చాలామందికి ఇక్కడే పనికివచ్చే విషయం ఉన్నది కనుక కొంచెం వివరంగా రాస్తాము.

మొట్టమొదటి అడ్డంకి గడ్డం. నోరు, ముక్కు కప్పే పెద్ద మాస్కు ఆయన గడ్డం మీద సరిగా కూర్చోక పక్కల నుండి బుసబుసమని గాలి పోయింది. గడ్డం తీస్తే బాగా అతుక్కుంటుందని యంత్రం అమ్మినవాడు అన్నాడు. ఆయన యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూసేశాడు. ఇరవై ఏళ్లుగా పెంచుకున్న సున్నతును గాలి కోసం తీయనన్నాడు. వారం తరువాత ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చింది. మేము మసాయిలు పుస్తకాలు తెరవబోయే లోపల మా పెద్దబ్బాయి, వైద్యుణ్ణే మళ్లీ అడిగితే సరిపోతుంది కదా అబ్బా అన్నాడు. అడిగితే, ముక్కు రంధ్రాల వద్ద మాత్రమే ఆనే చిన్న మెత్తల మాస్కు ఉన్నదని, అది గడ్డాన్ని తాకదని చెప్పారు. సమస్య అంతటితో తీరింది. గడ్డం గల సోదరులు మొదటి రోజే ఈ మాట అడగండి, మా సోదరునిలా ఒక వారం ఊపిరి పోగొట్టుకోకండి.

రెండవది సిగ్గు. ఆయనకు మాస్కుతో భార్య ముందు పడుకోవడం నచ్చలేదు. నేను ఏనుగులా కనిపిస్తున్నాను కదా అని అడిగాడట. ఆమె నవ్వింది. నవ్వినందుకు ఆయన అలిగాడు. నవ్వకూడదని తెలిసినా నవ్వు ఆగలేదు ఆపా అని ఆమె మా ఇల్లాలితో చెప్పుకొని ఏడ్చింది. నాలుగేళ్ల పాప మాస్కు చూసి జడుసుకుంది. ఆమె తెలివిగా పాప చేత ఆ గొట్టం పట్టించి, చల్లని గాలి చెంప మీద వదిలించింది. ఆ తరువాత ప్రతి రాత్రీ మిషన్ మీట నొక్కే ఉద్యోగం పాపదే అయింది.

మూడవది, మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది, కాపలా. మధ్యరాత్రి ఆయన నిద్రమత్తులో మాస్కు లాగేసేవాడు. ఆమె లేచి మళ్లీ పెట్టేది. ఉదయం ఇద్దరికీ తగాదా. నువ్వు నా భార్యవా, పోలీసువా అని ఆయన, నేను విధవను కాకూడదనే నా బాధ అని ఆమె. పెద్దలుగా మమ్మల్ని కూర్చోబెట్టారు. మేము వైద్యులం కాము, ఆ సంగతి ముందే చెప్పాము. కానీ ఒక ఒప్పందం కుదిర్చాము. రాత్రి మాస్కు సంగతి ఆమె మాట్లాడదు. యంత్రం తనలోనే ఎన్ని గంటలు వాడారో లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కను ఆయనే ప్రతి జుమా నాడు భార్యకు చూపించాలి. వైద్యులు కనీసం 4 గంటలు, వారంలో ఐదు రాత్రులైనా వాడితేనే వాడినట్లు లెక్కిస్తారు. రాత్రంతా వాడితే ఇంకా మేలు. మొదటి జుమాకు రెండు గంటలు, రెండవ జుమాకు మూడున్నర వచ్చింది. పగలు దుకాణం మూసిన తరువాత మాస్కు పెట్టుకొని కూర్చొని ఖిరాఅత్ వినడం అలవాటు చేసుకున్నాక ముక్కుకు ఆ స్పర్శ కొత్తగా ఉండడం మానింది. గొంతు ఎండిపోతుంటే తేమ ఇచ్చే నీటి డబ్బా అమర్చారు. అందులో బోరు నీళ్లు పోయకూడదు, డిస్టిల్డ్ వాటరు పోయాలి. మాస్కును రోజూ సబ్బు నీటితో కడగాలి. ఆయన ఫజ్ర్ వుజూతో పాటే దానినీ కడుగుతాడు, కనుక మరచిపోయే ప్రసక్తి లేదు. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, అందుకని ఇన్వర్టరుకు కలిపించుకున్నాడు.

ఈ జబ్బు దాంపత్య సుఖాన్నీ తగ్గిస్తుంది. చాలామంది భర్తలు దీనిని పైకి చెప్పరు, భార్యలు తమ మీద ప్రేమ తగ్గిందనుకొని లోలోపల కుమిలిపోతారు. వైద్యుని ముందు ఈ మాట చెప్పడంలో హయాకు భంగం లేదు. ఇంతకంటే వివరం ఇక్కడ అవసరం లేదు.

వేరువేరు గదులలో పడుకోవడం గురించి కూడా ప్రశ్నలు వస్తుంటాయి. ఉమ్మడి కుటుంబంలో భార్య వేరే గదిలో పడుకుంటే అత్తగారికి, ఆడబిడ్డకు వెంటనే అనుమానం. ఆ ఇంట్లో కూడా, వాళ్లిద్దరికీ చెడిందట అనే మాట పుట్టి ఆమె పుట్టింటిదాకా పోయింది. ముస్లిం గ్రంథంలోని ఒక హదీసులో ఇంట్లో పురుషునికి ఒక పడక, భార్యకు ఒక పడక, అతిథికి ఒకటి అనే ప్రస్తావన ఉన్నది. దానిని వివరిస్తూ ఇమామ్ నవవీ (రహ్మ), జబ్బు మొదలైన సందర్భాలలో ఇద్దరికీ వేరు పడకలు అవసరం కావచ్చని, అందులో తప్పు లేదని రాశారు. కనుక ఇద్దరి ఇష్టంతో కొన్నాళ్లు వేరుగా పడుకుంటే అది అలకా కాదు, అవిధేయతా కాదు. అయితే చికిత్స మొదలు కాని రోగిని వేరే గదిలో ఒంటరిగా వదిలితే, ఊపిరి ఆగిన సంగతి తెలిసేవారు ఉండరు. ముందు వైద్యం, తరువాత గది.

స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. నెలసరి ఆగిన తరువాత స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతుంది. వారు పెద్దగా గురక పెట్టకుండానే నిద్రలేమి, నీరసం, దిగులు అని చెబుతారు. ఇంటి పని వల్ల అలసట అని అందరూ సరిపెడతారు. ఒక సోదరి మా ఇల్లాలితో చెప్పిన మాట ఇది. ఆమె గురక పెడుతున్నదని భర్త పెళ్లి విందులో బంధువుల ముందు అనుకరించి నవ్వించాడు. అప్పటి నుండి ఆమె భర్త నిద్రపోయేదాకా కళ్లు మూయదు, భర్త లేవక ముందే లేస్తుంది. పన్నెండేళ్లుగా. ఆ భర్త ఈ పత్రిక చందాదారుడే. ఈ పేజీ ఆయన కంట పడుతుందని మా ఆశ.

సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు, ఆయనకు చికిత్స చేసిన ఆసుపత్రి వైద్యులు కారణాలలో స్లీప్ ఆప్నియాను పేర్కొన్నారు. తెలుగు సినిమాలకు కూడా పాటలు కూర్చినవాడు కనుక ఆ వార్త మన పత్రికలలోనూ వచ్చింది. సినిమా సంగీతంతో మాకు పని లేదు. కానీ ఈ జబ్బు పేరు మన ఊళ్లలో చాలామంది మొదటిసారి విన్నది ఆ వార్తలోనే. గురకతో చనిపోతారా అని అప్పుడు మా మదర్సా మెట్ల మీద కూడా చర్చ జరిగింది. గురకతో కాదు, దాని వెనుక ఉన్నదాని వల్ల గుండె, మెదడు ఏళ్ల తరబడి దెబ్బ తింటాయి. నిద్ర పట్టడం లేదని సొంతంగా నిద్రమాత్రలు కొనుక్కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని మాత్రలు గొంతు కండరాలను మరింత సడలిస్తాయి.

ఇక మమ్మల్ని అడిగిన మసాయిలు రెండు.

రమజానులో ఈ యంత్రం వాడవచ్చా? రాత్రి వాడడంలో సందేహానికే తావు లేదు. తరావీహు తరువాత పడుకున్న కొద్ది గంటలూ, సహరీకి లేచేదాకా తప్పక వాడాలి. పగటి ఖైలూలా సంగతే చర్చనీయం. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో చేసిన తీర్మానంలో ఆక్సిజన్ వాయువు వల్ల రోజా భంగం కాదని పేర్కొన్నది. సీప్యాప్‌లో వచ్చేది మామూలు గాలే. అయితే ఉద్దేశపూర్వకంగా పొగను, ఆవిరిని లోనికి పీల్చడం హనఫీ ఫిఖ్‌లో రోజాను భంగపరుస్తుంది. అందువల్ల పగటి నిద్రలో నీటి డబ్బా తీసివేసి వాడడమే క్షేమమని మా అభిప్రాయం. నీరు లేకుండా కూడా యంత్రం పని చేస్తుంది. తేమ లేకుంటే ఊపిరి ఆడని పరిస్థితి గలవారు తమ వైద్యుణ్ణి, తమ ముఫ్తీని ఇద్దరినీ అడగాలి. మా మాటను ఫత్వాగా తీసుకోవద్దు.

జకాత్ డబ్బుతో ఈ యంత్రం కొనిపెట్టవచ్చా? మా సోదరునికి యంత్రం, మాస్కు కలిపి నలభై వేల పైన అయ్యింది. ఆటో నడిపేవారికి, హమాలీలకు అది మోయలేని భారం. జకాత్‌కు అర్హుడైన రోగికి యంత్రాన్ని కొని ఆయననే యజమానిని చేస్తే జకాత్ నెరవేరుతుంది. మస్జిదు కమిటీ తన పేరిట యంత్రం కొని రోగులకు వంతులవారీగా ఇస్తే, అందులో తమ్లీక్ లేదు కనుక హనఫీ మతంలో జకాత్ చెల్లదు. అది సదఖా సొమ్ముతో చేయవలసిన పని. చేస్తే ఎంతో మంచి పని. పాత యంత్రాలు కొనేవారికి ఒక హెచ్చరిక. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, లోపలి నురుగు ముక్కలై గాలిలో కలిసే ప్రమాదం ఉన్నదని తన పాత సీప్యాప్ యంత్రాలను లక్షల సంఖ్యలో వెనక్కు పిలిచింది. చేతులు మారిన యంత్రం దొరికితే మోడలు, తయారీ సంవత్సరం చూపించి వైద్యుణ్ణి అడగండి. ఒత్తిడి కూడా ఎవరిది వారికే లెక్కకట్టి పెట్టాలి, ఇంకొకరి యంత్రాన్ని తెచ్చి పెట్టుకోకూడదు.

సల్మాన్ ఫార్సీ (రజి) తన సోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లిన సంఘటన మీకు తెలిసినదే. అబూ దర్దా రాత్రి తొలి జామునే నమాజుకు లేవబోతే సల్మాన్ పడుకోమన్నారు. మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. చివరి జామున ఇద్దరూ లేచి నమాజు చేశారు. ప్రభువుకు, శరీరానికి, ఇల్లాలికి, ప్రతి ఒక్కరికీ హక్కు ఉన్నదని ఆయన చెప్పిన మాటను ప్రవక్త (సఅసం) నిజమని ధ్రువపరిచారు. ఆ సంఘటనను మేము ఇన్నేళ్లూ అతి ఆరాధన గురించే చెబుతూ వచ్చాము. అందులో నిద్రకున్న హక్కును ఈ మధ్యనే సరిగా చదివాము.

ఆ దంపతులకు యంత్రం వచ్చి ఏడాదిన్నర దాటింది. రక్తపోటు మాత్రలు మూడు నుండి ఒకటికి తగ్గాయి. ఆయన బరువు ఆరు కిలోలు తగ్గింది, ఇంకా తగ్గాలి. చికిత్స మొదలైన కొత్తలో గురక వినిపించక ఆమెకే మెలకువ వచ్చేది. గొట్టం మీద చేయి వేసి గాలి పోతున్నదో లేదో చూసుకొనేది. ఇప్పుడు ఆమె కూడా నిద్రపోతున్నది. నెలకు ఒకటి రెండు సార్లు, ఆయన ప్రయాణంలో అలసిపోయి మాస్కు లేకుండా పడుకున్న రాత్రి, తగాదా ఇప్పటికీ ఉన్నది.

రమజానుకు ముందు ఒక జుమా నాడు ఖుత్బా తరువాత మేము ఆయనను పిలిచి, అప్పుడు ఎవరి ముందు మందలించామో ఆ నలుగురి ముందే క్షమించమని అడిగాము. ఆయన మా చేయి పట్టుకొని నవ్వాడు. “హజ్రత్, ఆ రోజు మీరు ఏమన్నారో నాకు సగం వినిపించనే లేదు, నిద్రమత్తులో ఉన్నాను” అన్నాడు.